అల్బాకి భయం లేదు

వల్పరాయిసో
9 మే 1993

అక్కా,

రాయెన్ క్షేమంగా చేరిందని నువ్వు కొట్టువాళ్ళ ఫోన్ నుంచి చెప్పావు గానీ, మీ దీవి వాన హోరులో నాకు సగమే వినపడింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో అరుచుకోవడంకంటే ఇదే నయం. రాసేటప్పుడైతే నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు.

ఉన్ని మేజోళ్ళు సంచి అడుగున ఉన్నాయి. చేప అంటే ముఖం తిప్పుకుంటుంది, బంగాళాదుంప ఏ రూపంలో పెట్టినా తింటుంది. వాళ్ళ నాన్న ఓడ పనామా దాటిందట, సెప్టెంబరు దాకా రాడు. నేను మూడో పుస్తకం ఆలోపు ముగించి ఇవ్వాలి. ఇంట్లో పిల్ల ఉంటే తలుపు కొడుతూనే ఉంటుంది. ఈ చలికాలం నువ్వు చూసుకుంటానన్నావు కాబట్టి బతికిపోయాను.

ఒక్క మాట. దాన్ని కథలు చదవమని బలవంతపెట్టకు. నువ్వు ఊరి లైబ్రరీలో పిల్లల గది నడుపుతున్నావు, చేతులు ఊరుకోవని తెలుసు. కానీ దానికి పదేళ్ళొచ్చినా బడి పాఠాలు తప్ప ఒక్క కథ పుస్తకం ముట్టదు. దేశంలో సగం మంది పిల్లలు నా ‘మిణుగురుల వంతెన’ తలకింద పెట్టుకుని పడుకుంటారని మా ప్రచురణకర్త అంటుంటాడు. నా ఇంట్లో ఉన్న ఒక్క పిల్ల మాత్రం పుస్తకం కనపడితే పక్కగదిలోకి జారుకుంటుంది. అమ్మ రాసినవైనా చదివావా అని టీచరు అడిగితే భుజాలెగరేసిందట. ఆ రోజు బడి గుమ్మం నుంచి ఇంటి మెట్ల దాకా నేను తలెత్తలేదు.

ఇంకో కడుపుమంట కూడా చెప్పుకోనీ. ఈ వారం పత్రికలో తెయోలిండా మన్సీయాకి అరపేజీ ఇచ్చారు. గుర్తుందా, కాలేజీ రోజుల్లో నా గదిలో ఉండేది, నువ్వు పంపిన జామ్ అంతా తనే తినేది. ‘అలిగిన సముద్రం’ అని పిల్లల నవల రాసిందట, బహుమతి కూడా వచ్చిందట. సముద్రం అలగడమేమిటి? పిల్లలకి రెక్కలు కావాలి, యుద్ధాలు కావాలి, ధైర్యం కావాలి. నేను చదవలేదు. చదవక్కర్లేదు కూడా.

నా రెండు పుస్తకాలూ నీ గదిలో పిల్లల చేతికి అందే అరలోనే ఉన్నాయి కదూ?

నీ చెల్లెలు
సోలెదాద్

అన్కుద్
23 మే

సోలే,

నీ పుస్తకాలు చేతికందే అరలోనే ఉన్నాయి. అట్టలు రెండుసార్లు కుట్టించాను కూడా, అంతగా నలిగాయి. ముందు ఆ సంగతి చెబితే తప్ప మిగతా ఉత్తరం నువ్వు నిదానంగా చదవవని తెలుసు.

పిల్ల బాగుంది. వచ్చినప్పటి నుంచి వాన ఆగలేదు. పొయ్యి మీద మేజోళ్ళు ఆరుతున్నాయి, ఇల్లంతా తడి గొర్రె వాసన. బంగాళాదుంప తురుముతో మిల్కావోలు వేయించి పెడితే పెనం దగ్గరే నిలబడి తింటోంది. మీ ఆయన నుంచి కార్డు వచ్చింది, దాన్ని కిటికీ అద్దానికి అతికించింది.

నేను ఏమీ బలవంతపెట్టలేదు. ఇక్కడి బడిలో చేర్చాను. బడి అయ్యాక లైబ్రరీకి వచ్చి నా బల్ల కింద కూర్చునేది. శనివారం నేను పిల్లలకి చదివి వినిపిస్తాను కదా, మొదటి శనివారం కోటు కూడా విప్పకుండా అరల వెనక నిలబడింది. తర్వాతి శనివారం కోటు విప్పింది. మాయ కథలు వినే పిల్లలు నోరు తెరుచుకుని వింటారని అందరూ అంటారు. నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నిజంగా లోపలికి వెళ్ళిపోయినవాళ్ళు నోరు గట్టిగా బిగించుకుంటారు, ఊపిరి శబ్దానికి కథ చెదిరిపోతుందేమో అన్నట్టు. రాయెన్ అలా బిగించుకుంది.

ఆ పుస్తకమే ఇంటికి తెమ్మంది. ఇప్పుడు భోజనానికి ముందు పొయ్యి పక్కన కూర్చుని కొంచెం కొంచెం చదువుతున్నాను. ఒక పిల్ల ఊరందరి కోసం ఒంటరిగా దూరం వెళ్ళాల్సి వస్తుంది. ఆ చోట నన్ను ఆపి, మళ్ళీ మొదటి నుంచి చదవమంది. ముచ్చటగా మూడోసారి చదివించుకుని అప్పుడు వదిలింది.

నువ్వు రాసుకో. ఇక్కడ చింత పెట్టుకోకు.

అక్క
ఎదువీనా

వల్పరాయిసో
4 జూన్

నా బంగారు అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. పైకి వెళ్ళేదాకా ఆగలేకపోయాను. మళ్ళీ చదివాను. పక్కింటావిడకి చదివి వినిపించాను. ఆవిడకి కథలంటే పడదు, అయినా కళ్ళు తుడుచుకుంది.

‘మిణుగురుల వంతెన’లో వెలుగును వెతికి తేవడానికి అల్బా ఒంటరిగా బయల్దేరేది, అదే కదా? మూడో అధ్యాయం. వంతెన మీద మొదటి అడుగు వేసేటప్పుడు మిణుగురులన్నీ ఒక్కసారి ఆరిపోతాయి చూడు, అక్కడే మళ్ళీ చదవమని ఉంటుంది. అది రాసిన రోజు నాకు జ్వరం. రాయెన్ అప్పుడు పసిపిల్ల, పక్కగదిలో ఏడుస్తోంది, నేను మాత్రం ఆ పేజీ వదల్లేదు. చూశావా, ఇన్నేళ్ళకి ఆ పేజీ దాని దగ్గరికి వెళ్ళింది.

దాన్ని ఏమీ అడగను. సిగ్గుపడుతుంది. నువ్వు మాత్రం అన్నీ గమనించి రాయి. ఎక్కడ నవ్వింది, ఎక్కడ ముఖం మాడ్చుకుంది, అల్బా అంటే ఏమంటోంది. ఇక్కడ మూడో పుస్తకంలో అల్బా పొగమంచు రాజుతో తలపడుతోంది, రాయెన్‌కి ఎలా నచ్చుతుందో అలా రాస్తాను.

తెయోలిండా పుస్తకం రెండో ముద్రణకి వెళ్ళిందట. వెళ్ళనీ. ఈ రోజు నాకేమీ అనిపించలేదు.

సోలే

అన్కుద్
18 జూన్

సోలే,

గాలికి పైకప్పు రేకు ఒకటి లేచిపోయింది. ఎదురింటి దోన్ ఎలియోదోరో వచ్చి మేకులు కొట్టాడు, కూలికి బదులు మాంసం పులుసు తాగి వెళ్ళాడు. రాయెన్ నిచ్చెన పట్టుకుంది.

పుస్తకం ఇప్పుడు నా చేతుల్లో లేదు. తనే చదువుకుంటోంది. నన్ను ముందుకు చూడనివ్వదు, నేను పొయ్యిలో కట్టె పెట్టడానికి లేస్తే పుస్తకం మూసి దాని మీద కూర్చుంటుంది. మాయలో ఎక్కడైనా లెక్క తప్పితే ఒప్పుకోదు. ఎగిరే గుర్రమైనా ఫరవాలేదు గానీ, నిన్న ఎగరలేనిది ఈ రోజు ఎందుకు ఎగిరిందో చెప్పాలి. మొన్న పళ్ళెం ముందు కూర్చుని, ‘వెళ్ళి అడిగితే చాలా పెద్దమ్మా? అన్యాయం చేసినవాళ్ళు ముందు అది చేశామని చెప్పాలి కదా’ అంది. నేను జవాబు చెప్పేలోపు, ‘చెప్పకు, అది ఆ పిల్లే కనుక్కోవాలి’ అని నా నోరు మూసింది. పెద్దవాళ్ళు ఇలాంటి కథని కలలా చదువుతారు. పిల్లలు తీర్పు చెప్పబోయే జడ్జీల్లా చదువుతారు.

నువ్వడిగిన అధ్యాయం సంగతి ఇప్పుడు రాయలేను. తనకి ఇష్టమైన చోటు ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ముఖ్యంగా అమ్మకి. కలిసినప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఇది మన ఇంట్లోనే ఉండనీ, సోలే. నలుగురికీ చెప్పకు.

ఎదువీనా

వల్పరాయిసో
2 జూలై

అక్కా,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది, అప్పటికే చెప్పేశాను. రేడియోలో. పిల్లల పుస్తకాల కార్యక్రమానికి పిలిచారు. మీ ఇంట్లో పిల్లలు మీ కథలు చదువుతారా అని అడిగింది ఆ అమ్మాయి. ఏళ్ళ తరబడి ఆ ప్రశ్నకి నవ్వి మాట మార్చేదాన్ని. ఈసారి, ఒక్క కథ కూడా ముట్టని నా కూతురు ఇప్పుడు చిలోయే దీవిలో పొయ్యి పక్కన కూర్చుని నా పుస్తకం మళ్ళీ మళ్ళీ చదివించుకుంటోందని చెప్పాను. ఆ అమ్మాయి తర్వాతి ప్రశ్న మర్చిపోయింది. ఈ ఆదివారం మళ్ళీ వేస్తారట, మీకు కూడా వస్తుంది, విను.

ముఖ్యంగా అమ్మకి చెప్పొద్దందా? నాకోసం ఏదో దాచి పెడుతోంది. తెలియనట్టే ఉంటాను.

అక్కా, ఒకటి అడగనా? నువ్వు చదివేటప్పుడు గొంతులు మారుస్తావా? అల్బా గొంతు ఎలా పెడతావు? వద్దు, పెట్టకు. అల్బా గొంతు నాకు తెలుసు. ఆ పిల్ల నా కడుపున పుట్టింది, ఆ కథా నా కడుపునే పుట్టింది. ఇద్దరూ కలిసే వేళకి నేను ఇక్కడున్నాను, మధ్యలో నువ్వు కూర్చున్నావు. దానికి సందేహమొస్తే నిన్ను అడుగుతోంది. రాసినదాన్ని నేను కదా, అడగాల్సింది నన్ను కదా. ఇది చదివి కోప్పడకు. నిన్న నువ్వు రాసిన ఉత్తరాలన్నీ తీసి, ‘పెద్దమ్మా’ అన్న మాట వచ్చిన చోట నాకు ముల్లు గుచ్చుకున్నట్టుందని తెలుసుకున్నాను, అంతే.

సోలే

అన్కుద్
11 జూలై

సోలే,

ఆదివారం రేడియో విన్నాం. ఇద్దరం వంటగదిలోనే ఉన్నాం. పెట్టకుండా ఉండాల్సింది, కానీ నీ గొంతు వింటే పిల్ల సంతోషిస్తుందనుకున్నాను. నువ్వు పుస్తకం సంగతి చెప్పగానే రాయెన్ లేచింది. పుస్తకాన్ని కోటు లోపల పెట్టుకుని కట్టెల కొట్టంలోకి వెళ్ళి కూర్చుంది. భోజనానికి పిలిస్తే రాలేదు. పళ్ళెం అక్కడికే తీసుకెళ్ళాను.

ఇక దాచను. అది నీ పుస్తకం కాదు. తెయోలిండా మన్సీయా రాసిన ‘అలిగిన సముద్రం’.

శనివారాలు చదవడానికి దాన్ని నేను ఏరలేదు. కొత్తగా వచ్చిన పెట్టె విప్పుతుంటే, పిల్లలే అట్ట చూసి అది కావాలన్నారు. రాయెన్ ఇంటికి తెమ్మని అడిగినప్పుడు, ఎవరు రాశారో చూసింది. పేరు తెలుసు దానికి, నీ నోట విన్నదే. అందుకే నీకు చెప్పొద్దంది. మొదటి ఉత్తరంలోనే నేను పేరు రాసి ఉండాల్సింది. నేను కుట్టించిన అట్టల గురించి నువ్వు చదివి ఆనందించాక, కింద ఆ పేరు చూసి ఎలా ఉంటావోనని రాయలేదు. జూన్‌లో నీ ఉత్తరం చూశాక అసలు చెయ్యి రాలేదు.

రేడియో సంగతి ఏం చేస్తావో నాకు తెలియదు. పిల్లని మాత్రం ఏమీ అనకు.

ఎదువీనా

వల్పరాయిసో
17 జూలై

ఎదువీనా,

నా కూతురు. నా అక్క. ఆ మనిషి పుస్తకం.

దేశమంతా విన్నది నన్ను. పక్కింటావిడ రోజూ ఎదురొచ్చి పిల్ల ఎక్కడిదాకా చదివిందని అడుగుతోంది. నవ్వుతున్నాను.

పెట్టెలో అదొక్కటే వచ్చిందా? గదినిండా పుస్తకాలుంటే పిల్లల చేతులు సరిగ్గా దాని మీదే పడ్డాయా? నువ్వు పక్కకి పెట్టలేకపోయావా? పెట్టలేవు. నీకు చిన్నప్పటి నుంచీ నాకొచ్చింది చూస్తే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఇల్లు ఖాళీగా ఉంది, పిల్ల దొరికింది. నా మీద నీకున్నదంతా తీర్చుకోవడానికి తెయోలిండా దొరికింది. ఇద్దరూ కలిసి పొయ్యి పక్కన నా గురించి ఏం మాట్లాడుకున్నారు?

దానిని వెంటనే బస్సు ఎక్కించు. నా పుస్తకాలు రెండూ ఆ గదిలోంచి తీసేయి, పార్సిలు చేసి పంపు. ఎవరికీ అక్కర్లేని చోట అవి ఉండక్కర్లేదు.

ఆవిడ దగ్గర ఏముందో, నా దగ్గర లేనిది ఏమిటో అడుగు దాన్ని. వద్దు. అడగకు.

సోలెదాద్

అన్కుద్
29 జూలై

చెల్లీ,

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచావు. సరే, నాకూ ఒక పేరుందని గుర్తు చేశావు.

పిల్లని బస్సు ఎక్కించను. చకావో దగ్గర బస్సుల్ని సముద్రం దాటించే పడవలు ఆపేశారు, తుఫాను. ఆపకపోయినా ఎక్కించేదాన్ని కాదు, ఇంత కోపం ఉన్న ఇంటికి. నీ పుస్తకాలు పంపను. అవి లైబ్రరీవి, ఒకటి ఇప్పుడు చేపలమ్మే రోసామీరా కూతురి దగ్గరుంది, అడిగితే కొరుకుతుంది.

నీకొచ్చింది చూస్తే నాకు నిద్ర పట్టేది కాదన్నావు. కొన్నిసార్లు నిజమే. పిల్లని లాక్కున్నానన్నావు, అది అబద్ధం. కానీ మొన్న సంతలో ఎవరో మీ అమ్మాయా అని అడిగితే వెంటనే కాదని అనలేకపోయాను. కాసేపయ్యాక అన్నాను. ఆ కాసేపట్లో నాలో ఉన్నదేమిటో, రచయిత్రివి కాబట్టి నువ్వే పేరు పెట్టుకో.

ఇక నువ్వు అడగొద్దన్నది. అడిగాను. ఇద్దరం బంగాళాదుంపలు తురుముతున్నాం.

‘ఆ పుస్తకంలో ఏముందే, అమ్మ పుస్తకంలో లేనిది?’

ఇంకో దుంప తీసుకుంది. తర్వాత, ‘తోమాసాకి భయం, పెద్దమ్మా’ అంది. తోమాసా అంటే ఆ కథలో పిల్ల.

‘అల్బాకి లేదా?’

‘అల్బాకి ఏదీ లేదు. చలి వెయ్యదు, ఆకలెయ్యదు, ఏడవదు. అమ్మ గది తలుపు మూసుకుంటే అది లోపలుంటుంది, నేను బయటుంటాను. నేను తలుపు కొడితే అమ్మ ఒక్క నిమిషం అంటుంది. దానికెప్పుడూ అలా చెప్పదు.’

‘అల్బాకి చలి వెయ్యదని నీకెలా తెలుసు? చదవలేదుగా.’

‘రెండూ చదివాను’ అంది. ‘ఎప్పుడో. అమ్మ బజారుకెళ్ళినప్పుడల్లా.’

మరి చదవలేదని ఎందుకన్నావని అడిగాను.

‘చదివానంటే అల్బా ఎలా ఉందని అడుగుతుంది. బాగుందంటే అబద్ధం. బాలేదంటే అమ్మ ఏడుస్తుంది. అందుకే నాకు అసలు పుస్తకాలే ఇష్టం లేవన్నాను. అప్పుడు ఎవరూ ఏమీ అడగరు.’

మూడో అధ్యాయం అప్పజెప్పమంటే అప్పజెప్పింది, సోలే. మిణుగురులు ఆరిపోయే పేజీ, ఒక్క అక్షరం పోకుండా. చివర, ‘ఇది బాగా రాసింది అమ్మ. కానీ అల్బా ఆ పేజీలో ఉండకూడదు’ అంది.

మన ఇంట్లో ఈ కడుపుమంట నీకూ నాకూ మాత్రమే ఉందనుకున్నాను. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ కాగితం మీది పిల్లతో పోటీ పడుతోంది. మళ్ళీ ఆ కాగితం పిల్లని పూర్తి చెయ్యడానికే దాన్ని నా దగ్గరికి పంపావు. అది దానికి తెలుసు.

లైబ్రరీ రెండో ప్రతి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చదువు. చదివాక తిట్టు, పడతాను.

అక్క

వల్పరాయిసో
20 ఆగస్టు

అక్కా,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. పెన్ను పట్టుకుంటే ‘ఒక్క నిమిషం’ అన్న మాటే వస్తోంది.

పుస్తకం చదివాను. పెన్సిలు పట్టుకుని మొదలుపెట్టాను, తప్పులు గుర్తించడానికి. ఉన్నాయి. మొదటి అధ్యాయంలో చేపలవాడు రెండు పేర్లతో కనపడతాడు. గర్వంగా అండర్‌లైన్ చేశాను. వాక్యాలు చాలా పొట్టివి, పక్కన అలా అని రాశాను కూడా. తర్వాత పెన్సిలు ఎక్కడ పడిపోయిందో తెలియదు, చివరికి కుర్చీ కింద దొరికింది.

నేను అనుకున్నది ఏమిటంటే, సముద్రం వెళ్ళిపోతే దాన్ని తేవడానికి ఒక వీరురాలు వెళుతుంది. వీరులు వెళతారు నిజమే, డప్పులు కొట్టుకుంటూ, వాళ్ళు ఎంత అరిస్తే సముద్రం అంత వెనక్కి పోతుంది. ఇక ఎవరూ మిగలక తోమాసాని పంపుతారు. నీళ్ళంటేనే భయపడే పిల్ల. అది బురదలో ఇంటి పొగ కనపడేంత దూరం నడిచి, భయమేసి, భోజనానికి వెనక్కి వచ్చేస్తుంది. వెనక్కి రానిచ్చింది, అక్కా, తెయోలిండా. నా పుస్తకాల్లో ఒక్క పిల్ల కూడా వెనక్కి రాదు. నేను రానివ్వను. మర్నాడు తోమాసా ఇంకొంచెం దూరం వెళుతుంది. వాళ్ళు సముద్రానికి చేసిన అన్యాయమేమిటో ఎవరూ చెప్పరు, బురదలో దొరికే వస్తువులు చూసి పాఠకుడే కనుక్కోవాలి. రాయెన్ నీ నోరు మూసింది అందుకే.

చివరికి తోమాసా అలిసిపోయి కూలబడితే, అప్పుడు వస్తుంది సముద్రం. నేనైతే అక్కడ మూడు పేజీల తుఫాను పెట్టేదాన్ని. ఆవిడ ఒక్క వాక్యం రాసింది. ‘సముద్రం వచ్చి ఆమె పక్కన కూర్చుంది, అలిగినవాళ్ళు కూర్చునేంత దూరంలో.’

ఆ వాక్యం చదివి పుస్తకం మూసి గోడకేసి కొట్టాను. తర్వాత వెళ్ళి ఏరుకున్నాను, అట్ట మూల నలిగింది, లైబ్రరీకి జరిమానా కడతాను. ఆ వాక్యం నాదైతే ఎంత బాగుండేది. ఒకే గదిలో ఉన్నాం, ఒకే జామ్ తిన్నాం, అది ఆవిడకే ఎందుకు దొరికింది? నేను మారిపోయానని నువ్వు అనుకోకూడదని ఇది రాస్తున్నాను. నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇప్పుడు కారణం తెలిసి మండుతోంది, అంతే తేడా. మంచి పుస్తకమని చెప్పడానికి ఆవిడకి ఉత్తరం మొదలుపెట్టి చించేశాను. అంత మంచిదాన్ని ఇంకా కాలేదు.

రేడియోకి మాత్రం వెళ్ళాను. నా కూతురు వదలకుండా చదివింది నా పుస్తకం కాదు, తెయోలిండా మన్సీయాదని చెప్పాను. పేరు దగ్గర దగ్గొచ్చింది. జలుబన్నాను.

పొగమంచు రాజుని, అల్బాని పెట్టెలో పెట్టి ప్రచురణకర్తకి ఆలస్యమవుతుందని చెప్పేశాను. వచ్చే నెల మొదట్లో బస్సు ఎక్కుతాను. రాయెన్ చివరి అధ్యాయం ఇంకా చదవకపోతే, అది నన్ను చదివి వినిపించనిస్తుందేమో అడగవా? ఒప్పుకోకపోతే ఫరవాలేదు, దూరంగా కూర్చుంటాను.

నీ మీద రాసినవాటికి సిగ్గుగా ఉంది.

సోలే

అన్కుద్, వంటగది బల్ల మీద
3 సెప్టెంబరు

చెల్లీ,

తాళంచెవి రోసామీరా దగ్గర తీసుకుని ఉంటావు. రాయెన్ బడి నుంచి నేరుగా ఇంటికొస్తుంది. చివరి అధ్యాయం దాచి పెట్టుకుంది. నువ్వడిగావని చెబితే, ‘చూస్తా’ అంది. దాని నోట అది పెద్ద మాటే.

నేను కాస్త్రో ఊళ్ళో నా స్నేహితురాలు కొరీనా ఇంటికి వెళ్తున్నాను. ఇదేదో నా మంచితనమనుకోకు. ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి నేను చదివాను, చివరి పేజీ నువ్వు చదువుతుంటే పక్కన కూర్చుని అల్లుకోవడం నా వల్ల కాదు. ఒకటో రెండో చోట్ల నా కంటే బాగా చదువుతావు కూడా, అది అస్సలు భరించలేను. కట్టెలు లోపల పెట్టాను. పులుసు వేడి చేసుకోండి.

ఎదువీనా

అన్కుద్
9 సెప్టెంబరు

అక్కా,

మొదటి రోజు రాయెన్ నాతో మర్యాదగా మాట్లాడింది, పోస్టాఫీసువాళ్ళతో మాట్లాడినట్టు. మేజోళ్ళు ఎక్కడున్నాయో చూపించింది, పొయ్యి ఎలా ఊదాలో చెప్పింది. మిల్కావో చెయ్యబోతే, దుంప తురుములో నీరు సరిగ్గా పిండలేదని తనే పిండింది. నేను తలుపు సంగతి ఎత్తాను. ఇక మీదట రాసేటప్పుడు తలుపు తీసే ఉంచుతానన్నాను. అది నమ్మలేదు.

‘తీసి ఉంచితే నువ్వు రాయలేవు’ అంది.

‘మరేం చెయ్యను?’

‘నేను లోపల కూర్చుంటా. మాట్లాడను.’

మాట్లాడకుండా ఉండలేదని మా ఇద్దరికీ తెలుసు. అయినా ఒప్పందం కుదిరింది.

శనివారం నీ పిల్లల గది మూసి ఉంటుందనుకున్నాను, అయినా పిల్లలు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారట. రాయెనే నన్ను తీసుకెళ్ళింది. తెయోలిండా పుస్తకం నా చేతిలో పెట్టి, చివరి అధ్యాయం అందరూ వినాలంది. తను ముందు వరసలో కూర్చోలేదు, పక్కకి కూర్చుంది, నా నోరు కనపడేలా.

చదివాను. ఆ వాక్యాలన్నీ నా నోట్లోంచి రావాల్సి వచ్చింది. ఒకచోట సముద్రం ఊరివైపు కదిలేటప్పుడు ‘నీళ్ళు వచ్చాయి’ అని మాత్రం రాసింది ఆవిడ. నోరు ఊరుకోలేదు. ‘వెండి నీళ్ళు పరుగున వచ్చాయి’ అని చదివాను.

‘అందులో అలా లేదు’ అంది రాయెన్, అందరి ముందూ.

‘ఇలా అయితే ఇంకా బాగుంటుందేమోనని.’

‘ఇది నీది కాదమ్మా. ఉన్నది చదువు.’

ఉన్నది చదివాను. నీళ్ళు వచ్చాయి. నిజం చెప్పనా, అదే బాగుంది. ఆ పొట్టి మాటకి పిల్లలందరూ కాళ్ళు పైకి ముడుచుకున్నారు, నేల తడుస్తోందన్నట్టు. రాయెన్ పెదాలు బిగించుకుని కళ్ళనిండా నీళ్ళతో కూర్చుంది. నాకూ నీళ్ళొచ్చాయి, ఎక్కువ పుస్తకం కోసం, కొంచెం కడుపుమంటతో. అయిపోయాక అది లేచి నా దగ్గరికొచ్చి, పుస్తకం తీసుకుని, నా ఒళ్ళో కూర్చుంది. పదేళ్ళ పిల్ల, అందరూ చూస్తుండగా. బరువుగా ఉంది. లెమ్మనలేదు.

నువ్వు ఇక రావచ్చు. కొరీనా ఇంట్లో ఎంతకాలం అల్లుతావు? రాయెన్ రోజూ కిటికీ దగ్గర కాస్త్రో బస్సు చూస్తోంది. అది చూస్తే నాకు గుచ్చుకుంటోంది గానీ, చూడొద్దనలేదు. వచ్చాక ముగ్గురం ఏం చదవాలో దెబ్బలాడుకుందాం.

ఇంకొకటి. నిన్న బల్ల దగ్గర కూర్చుని నాలుక బయటపెట్టి చాలాసేపు ఏదో రాసింది. ఎవరికని అడిగితే, తోమాసాని రాసినావిడకంది. చదవనిమ్మని నేను అడగలేదు, తను ఇవ్వలేదు. ఇన్ని నెలల్లో నాకొక ముక్క రాయలేదు, ఆవిడకి రెండు వైపులా నింపింది. కవరు అంటించి, ఆవిడ ఇల్లెక్కడో తెలియదంది. నాకు తెలుసు. ఒకప్పుడు వారం వారం ఆ చిరునామాకి రాసేదాన్ని, ఇంకా అక్కడే ఉందట. కవరు మీద నేనే రాసిచ్చాను. నా రాత చూడగానే ఆవిడ గుర్తుపడుతుంది.

పోస్టుకి వెళ్ళేదాకా రాయెన్ కవరు పట్టుకుంది. పెట్టె నోరు ఎత్తుగా ఉంది, తనకి అందలేదు, నాకిచ్చింది. వేశాను. పిల్ల పావురాల వెంట పడి కొంచెం దూరం వెళ్ళాక, కవరు వెనక్కి తీయడానికి చెయ్యి లోపలికి పడుతుందేమోనని ఒకసారి చూశాను.

పట్టలేదు.

నీ చెల్లెలు
సోలే